మంద నుంచి మందిరం దాకా: సినగాగ్ అనే మాట కథ

ఆదివారం చర్చిలో లూకా సువార్త నాలుగో అధ్యాయం చదివినప్పుడు, యేసు నజరేతులో విశ్రాంతి దినాన సమాజమందిరంలోకి వెళ్లాడని తెలుగువాళ్లు వింటారు. సోమవారం పేపర్లో ఎక్కడో సినగాగ్ మీద దాడి జరిగిందనీ, పోలీసు కాపలా పెంచారనీ చదువుతారు. ఆ రెండూ ఒకటేనని చాలామందికి తట్టదు. సమాజమందిరం అనగానే ఈనాటి పాఠకుడికి గుర్తొచ్చేది ఏ కమ్యూనిటీ హాలో, ప్రేమపెళ్లిళ్లు జరిగే ఆర్యసమాజ మందిరమో. సినగాగ్ అంటే పలకడానికే తడబాటు. అందుకని పేపర్లు పక్కనే 'యూదుల ప్రార్థనా మందిరం' అని ఒక వివరణ తగిలిస్తాయి. కొందరు ఇంకా తేలిగ్గా 'యూదుల చర్చి' అనో 'యూదుల దేవాలయం' అనో రాసేస్తారు. వీటిలో ఆఖరిదే మరీ తప్పు.

అన్నిటిలోకీ సరైన మాట, పాతబడిపోయిందని పక్కన పెట్టేసిన ఆ సమాజమందిరమే. పైగా అది ఎంత సరైనదో దాన్ని ఎంచుకున్న అనువాదకులకు కూడా పూర్తిగా తెలిసి ఉండకపోవచ్చు. అది తేలాలంటే ముందు గ్రీకు మాటను విప్పాలి.

సినగాగ్ గ్రీకులో సునగోగే. సున్ అంటే కలిసి, కూడి. అగేయిన్ అంటే నడిపించు, తోలు, తీసుకెళ్లు. పశువుల్ని తోలడానికి గ్రీకులు మామూలుగా వాడే క్రియ అది. కాబట్టి సునగోగే అంటే మొదటి అర్థంలో ఒకచోటికి తోలుకురావడం, పోగుచేయడం. అందులో దేవుడి ఊసు లేదు, ప్రార్థన లేదు, గోడలూ పైకప్పూ కూడా లేవు.

ఇప్పుడు మన మాట. సమాజం అంటే సమ్ ఉపసర్గ మీద అజ్ ధాతువు. పాణినీయ ధాతుపాఠం ఈ ధాతువుకు 'అజ గతిక్షేపణయోః' అని అర్థం చెప్పింది. అంటే వెళ్లడం, తోలడం. సంస్కృతంలోని ఈ అజ్, గ్రీకులోని అగేయిన్, లాటిన్‌లోని అగెరే ఒకే మూలం నుంచి వచ్చిన అన్నదమ్ములు. ఈ లాటిన్ తమ్ముడి పిల్లలే మనం రోజూ వాడే ఏజెంట్, యాక్షన్, యాక్టర్. సున్, సమ్ రెండింటికీ అర్థం 'కూడి' అనే. అంటే సునగోగేను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు సంస్కృతంలో సరిపడేది వెతికి అతికిస్తే వచ్చేది సమాజమే. బైబిల్ అనువాదకులు జనం గుమిగూడే చోటుకు ఒక తేలికైన మాట కావాలనుకున్నారు. చేతికి తగిలింది మాత్రం నాలుగు వేల ఏళ్లకు ముందే విడిపోయిన చుట్టం.

ఈ తోలడం సంగతి మన పాత వ్యాకరణవేత్తలకు బాగా గుర్తుంది. పాణిని దీనికోసం ఒక సూత్రమే రాశాడు, 'సముదోరజః పశుషు' అని. పశువుల విషయంలోనైతే సమ్ మీద అజ్ చేరి 'సమజం' అవుతుంది, మనుషులైతే 'సమాజం'. అమరకోశం సింహాది వర్గం చివర్లో ఇదే తేడాను వీధిబడి పిల్లలు వల్లెవేసేలా చెప్పింది: 'పశూనాం సమజోఽన్యేషాం సమాజః'. పశువుల గుంపు సమజం, తక్కినవాళ్ల గుంపు సమాజం. మందకూ మనుషులకూ మధ్య తేడా అంతా ఒక్క దీర్ఘం.

వేల మైళ్ల అవతల ఇంకొకాయన కూడా సరిగ్గా ఇదే తేడా దగ్గర ఆగాడు. ఆయన ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరానికి బిషప్ అయిన అగస్టీన్. క్రీస్తుశకం 400కు అటూ ఇటూగా, కీర్తనల మీద వ్యాఖ్యానం చేస్తూ ఆయన ఒక ప్రశ్న వేసుకున్నాడు. యూదుల కూటాన్ని సినగాగ్ అంటున్నాం, మన కూటాన్ని మాత్రం అపొస్తలులు ఎక్లేసియా అన్నారు, ఎందుకు? ఆయన చెప్పిన జవాబు ఏమిటంటే, సినగాగ్ అంటే పోగుచేయడం, ఎక్లేసియా అంటే పిలవడం. పోగుచేసేది పశువుల్ని కూడా, అసలు మందలకే ఆ మాట బాగా అతుకుతుంది. పిలుపు అందుకునేది బుద్ధి ఉన్న మనుషులు. లాటిన్‌లో మందకు గ్రెక్స్ అని పేరు. చర్చికి వచ్చే జనాన్ని ఇంగ్లీషు తెలిసిన మనవాళ్లు కాంగ్రిగేషన్ అంటారే, ఆ మాట కడుపులోనూ అదే గ్రెక్స్ ఉంది.

అగస్టీన్ చెప్పిన ధాతువు తప్పు కాదు. తప్పంతా దాన్ని కొలబద్ద చేసుకోవడంలో ఉంది. మాట పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టడం మొదలుపెడితే, లోకంలో ఏ సంఘమూ తలెత్తుకోలేదు. ఇక్కడ అమరకోశం ఆయనకు గట్టిగానే అడ్డం తగులుతుంది. తెలుగు బైబిల్లో ఎక్లేసియాకు ఇచ్చిన మాట సంఘం, సినగాగ్‌కు ఇచ్చినది సమాజం. అమరసింహుడేమో 'సంఘసార్థౌ తు జంతుభిః' అన్నాడు, అంటే సంఘం ఏ ప్రాణుల గుంపుకైనా చెల్లుతుంది. (జంతువు అంటే సంస్కృతంలో ప్రాణి అనే, మన తెలుగు అర్థం తర్వాతది.) పశువులు కానివాళ్లకే ప్రత్యేకంగా దాచిపెట్టిన మాట సమాజం. అగస్టీన్ లెక్క తెలుగులోకి వచ్చేసరికి తిరగబడింది.

ఇక ఆ తోలుడు మాట యూదుల దగ్గరికి ఎలా చేరిందనేది చూద్దాం. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలోని యూదులు తమ ధర్మశాస్త్రాన్ని హీబ్రూ నుంచి గ్రీకులోకి తెచ్చుకోవడం మొదలుపెట్టారు. హీబ్రూ రాని తరం వచ్చేసింది మరి. ఆ అనువాదంలో సునగోగే మొట్టమొదట కనిపించేది మనుషుల గురించి కాదు, నీళ్ల గురించి. ఆదికాండం మొదటి అధ్యాయంలో ఆకాశం కింది నీళ్లన్నీ ఒకచోట కూడుకోవాలని దేవుడు ఆజ్ఞాపిస్తాడు. ఆ కూడికకు వాడిన మాట సునగోగే. ఆ లెక్కన లోకంలో మొదటి సినగాగ్ సముద్రం. కొంచెం ముందుకు వెళ్తే, పంట కోసి ఇంటికి చేర్చుకునే పండుగకూ ఇదే మాట. ఇక ఎడారిలో మోషే వెంట నడిచిన జనానికి ఇదే స్థిరపడింది. హీబ్రూలో 'ఎదా' అని ఉన్నచోట గ్రీకులో సునగోగే అని పెట్టారు. తెలుగు పాత నిబంధనలో అడుగడుగునా వచ్చే 'సర్వసమాజము' ఇదే.

భవనం సంగతి వేరే. ఈజిప్టు యూదులు భవనానికి పెట్టుకున్న పేరు ప్రొస్యూఖే, అంటే ప్రార్థన. అలెగ్జాండ్రియా దగ్గర స్కేడియాలో దొరికిన ఒక శిలాఫలకం మూడో టాలెమీ కాలం (క్రీ.పూ. 246–221) నాటిది. రాజు టాలెమీ, రాణి బెరెనికే, వాళ్ల పిల్లల క్షేమం కోరి యూదులు ఈ ప్రొస్యూఖేను సమర్పించారని దాని మీద ఉంది. దొరికిన ఆధారాల్లో అతి పాతవాటిలో ఇదొకటి. మన పేపర్లు రాసే 'ప్రార్థనా మందిరం' తెలియకుండానే ఈ ఈజిప్టు పేరుకు వారసురాలు.

జనానికి పెట్టిన పేరు భవనానికి జారిన ఘట్టాన్ని కళ్లతో చూడాలంటే నేటి లిబియాలోని బెంగాజీకి వెళ్లాలి. అప్పట్లో దాని పేరు బెరెనికే. నీరో చక్రవర్తి రెండో ఏట, అంటే క్రీ.శ. 55లో, అక్కడి యూదులు ఒక పాలరాతి పలక చెక్కించారు. అందులోని తీర్మానం సారాంశం ఇది: బెరెనికేలోని యూదుల సునగోగే నిర్ణయించింది ఏమనగా, సునగోగే మరమ్మతుకు చందా ఇచ్చినవారి పేర్లు రాతి మీద చెక్కించాలి. ఒకే వాక్యంలో ఒకే మాట రెండుసార్లు. మొదటిది నిర్ణయం తీసుకునేది, అంటే మనుషులు. రెండోది సున్నం రాలిపోయి మరమ్మతుకొచ్చింది, అంటే కట్టడం. చెక్కినవాడికి గానీ చదివినవాళ్లకు గానీ ఇందులో ఇబ్బందేమీ కనిపించలేదు. కింద చందాల జాబితా ఉంది, పెద్దలు తలా పది డ్రాక్మాలు. మన గుళ్లలో ఫ్యాను రెక్కల మీదా గచ్చు పలకల మీదా దాతల పేర్లు రాయించే అలవాటు చూసినవాళ్లకు ఈ రాయి పరాయిది అనిపించదు.

అదే శతాబ్దానికి చెందిన ఇంకో రాయి యెరూషలేములో ఉంది. 1913లో మొదలైన తవ్వకాల్లో ఒక పాత నీటితొట్టిలో బయటపడింది. గ్రీకులో పది వరుసలు. వెట్టెనస్ కొడుకు థియోడోటస్ అనే యాజకుడు దీన్ని చెక్కించాడు. తను సినగాగ్ పెద్ద, తండ్రీ సినగాగ్ పెద్దే, తాతా సినగాగ్ పెద్దేనని మొదట వంశం చెప్పుకున్నాడు. తెలుగు బైబిల్లో యాయీరును 'సమాజమందిరపు అధికారి' అన్నది ఈ పదవినే. తర్వాత ఎందుకు కట్టించాడో చెప్పాడు: ధర్మశాస్త్రం చదవడానికి, ఆజ్ఞలు బోధించడానికి. దానికి తోడు పరదేశం నుంచి వచ్చినవాళ్లు దిగడానికి గదులు, సత్రం, నీళ్ల వసతి. ప్రార్థన అనే మాట ఆ పది వరుసల్లో ఎక్కడా లేదు. చదవడం, చెప్పడం, తలదాచుకోవడం, ఇంతే.

దీన్ని మనసులో పెట్టుకుని లూకా నాలుగో అధ్యాయం మళ్లీ చదివితే దృశ్యం వేరుగా కనిపిస్తుంది. యేసు లేచి నిలబడతాడు. యెషయా గ్రంథపు చుట్ట చేతికిస్తారు. విప్పి, చోటు వెతికి, చదువుతాడు. చుట్టేసి పరిచారకుడి చేతికిచ్చి కూర్చుంటాడు. అప్పుడు అందరి చూపులూ ఆయన మీదే. కూర్చోవడమంటే అయిపోయిందని కాదు, బోధ మొదలవుతుందని. నిలబడి చదవడం, కూర్చుని చెప్పడం అక్కడి పద్ధతి. బలిపీఠం లేదు, ధూపం లేదు, చదివే మనిషి యాజకుడు కానక్కర్లేదు కూడా. ఆ ఊళ్లో పెరిగిన వడ్రంగి కొడుకు లేచి చదవగలిగాడంటే, ఆ చోటు ఎలాంటిదో అందులోనే తెలిసిపోతుంది.

'యూదుల దేవాలయం' అనకూడదన్నది ఇందుకే. యూదులకు దేవాలయం ఒక్కటే, అదీ యెరూషలేములో. యాజకులు, పశుబలులు, లోపల ప్రధాన యాజకుడు తప్ప ఎవరూ అడుగుపెట్టని గర్భగుడి, అంతా అక్కడ. క్రీ.శ. 70లో టైటస్ సైన్యం దాన్ని తగలబెట్టింది. సినగాగ్‌లు ఊరూరా అప్పటికే ఉన్నాయి. దేవాలయం పోయాక వాటి మీద భారం పెరిగింది. బలి ఇచ్చే వేళకు ప్రార్థన, పీఠం ఉండాల్సిన చోట చదువు. అయినా సినగాగ్‌ను దేవాలయం అనలేదు. మహా అయితే యెహెజ్కేలు గ్రంథంలోని మాటతో 'చిన్న పరిశుద్ధ స్థలం' అని తలుచుకున్నారు. ఈ పట్టింపు ఎంత లోతైనదో 1818లో బయటపడింది. హాంబర్గ్‌లోని సంస్కరణవాద యూదులు తమ కొత్త మందిరానికి 'టెంపుల్' అని పేరు పెట్టారు. యెరూషలేము దేవాలయం మళ్లీ లేస్తుందని ఎదురుచూడం, మేమున్న చోటే మా దేవాలయం అన్నది ఆ పేరు అంతరార్థం. సనాతనులు మండిపడ్డారు. అమెరికాలో సంస్కరణవాద యూదులు ఇప్పటికీ టెంపుల్ అనే అంటారు. ఒక యూదుడు తన మందిరాన్ని ఏ పేరుతో పిలుస్తాడో వింటే, అతను ఏ శాఖవాడో చాలావరకు చెప్పేయొచ్చు.

యూదులు హీబ్రూలో పెట్టుకున్న పేరు బేత్ క్నెస్సెత్. బేత్ అంటే ఇల్లు, ఇది తెలుగు క్రైస్తవులకు కొత్త కాదు. బేతేలు దేవుని ఇల్లు, బేత్లెహేము రొట్టెల ఇల్లు, ఊళ్లలో బేతేలు ప్రార్థనా మందిరాలు ఎన్నో. క్నెస్సెత్ కూటం, పోగుచేయడం అనే అర్థమున్న క-న-స ధాతువు నుంచి వచ్చింది. ఎస్తేరు రాణి మొర్దెకైకి కబురు పంపుతూ, వెళ్లి షూషనులో ఉన్న యూదులందరినీ పోగుచెయ్యి, నాకోసం మూడు రోజులు ఉపవాసం ఉండండి అంటుంది. అక్కడి క్రియ ఇదే. అంటే బేత్ క్నెస్సెత్ కూడికల ఇల్లు, మాటకు మాట సమాజ మందిరం. గ్రీకులో కూటం పేరే ఇంటికీ వచ్చింది, హీబ్రూ ఇల్లు అనే మాటను విడిగా నిలబెట్టుకుంది. తెలుగు అనువాదకులు మందిరం చేర్చి, గ్రీకు చదివి హీబ్రూ పద్ధతిలో రాసినట్టయింది.

ఆ క్నెస్సెత్ ఇప్పుడు వార్తల్లో వినిపించేది ఇంకోచోట. ఇజ్రాయెల్ పార్లమెంటు పేరు కూడా క్నెస్సెత్. పూర్వం ధర్మాన్ని చక్కబెట్టిన 'మహాసభ' ఒకటి ఉండేదని, అందులో 120 మంది పెద్దలుండేవారని యూదుల సంప్రదాయం చెబుతుంది. 1949లో మొదటి క్నెస్సెత్ కూర్చున్నప్పుడు సభ్యుల సంఖ్య 120. ఇప్పటికీ అంతే. అక్కడి ఎంపీలు అరుచుకునే చోటుకూ, వీధి చివర ముసలాళ్లు కీర్తనలు చదివే చోటుకూ ఒకే మాట. అదే ధాతువు అరమేయికులోంచి అరబ్బీలోకి వెళ్లి కనీస్ అయితే సినగాగ్, కనీసా అయితే చర్చి అయింది. ఉర్దూ కవిత్వంలో చర్చికి కనిపించే కలీసా మాత్రం వేరే దారి. అది గ్రీకు ఎక్లేసియా పారశీకం మీదుగా వచ్చిన రూపం.

ఎక్లేసియా, సునగోగే అనే రెండు గ్రీకు మాటలూ మొదట్లో అన్యోన్యంగానే ఉన్నాయి. రెండూ కూటాలే. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు మీ 'సమాజమందిరము'లోకి వస్తే అని ఉంటుంది. అక్కడ మాట్లాడుతున్నది క్రైస్తవుల కూటం గురించే. మూలంలోని మాట సునగోగే. తెలుగువాళ్లు ఉన్నదున్నట్టు రాశారు, ఇంగ్లీషు అనువాదాలు చాలావరకు మీటింగ్ అనో అసెంబ్లీ అనో దాటేశాయి. దమస్కు దగ్గర దేర్ అలీలో దొరికిన క్రీ.శ. 318 నాటి శాసనం ఇంకా విచిత్రం. క్రైస్తవంలో వేరు కుంపటి పెట్టుకున్న మార్సియన్ అనుచరుల మందిరం మీద 'మార్సియనీయుల సునగోగే' అని చెక్కి ఉంది. పాత నిబంధననే వద్దన్నవాళ్లు మార్సియనీయులు. వాళ్లకు కూడా ఆ మాట యూదుల మాట అనిపించలేదు.

తర్వాత దారులు విడిపోయాయి, మాటలూ విడిపోయాయి. స్ట్రాస్‌బర్గ్ కెథెడ్రల్ దక్షిణ ద్వారం దగ్గర సుమారు 1230 నాటి ఇద్దరు స్త్రీల విగ్రహాలున్నాయి. ఒకామె ఎక్లేసియా. నెత్తిన కిరీటం, చేతిలో శిలువ, తల నిటారుగా ఉంటుంది. ఇంకొకామె సినగోగా. కళ్లకు గంత, విరిగిన బల్లెం, చేతిలోంచి జారిపోతున్న ధర్మశాస్త్ర పలకలు. శిల్పి చెయ్యి గొప్పది కాబట్టి, ఓడిపోయినట్టు చూపించిన ఆమే ఎక్కువ అందంగా వచ్చింది. ఇద్దరి పేర్లకూ అర్థం కూటమే. అగస్టీన్ వ్యాఖ్యానంలో ఒక్క పంక్తి తేడాగా మొదలైనది ఎనిమిది వందల ఏళ్లలో ద్వారం మీద ఇంత రాయిగా పెరిగింది. 2015లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక కేథలిక్ యూనివర్సిటీ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకరి పుస్తకంలోకి ఒకరు తొంగిచూస్తున్నట్టు కొత్త విగ్రహం పెట్టింది. ఈసారి ఇద్దరికీ కిరీటాలున్నాయి.

ఇంతా చెప్పి, తూర్పు యూరప్ యూదులు ఇంట్లో సినగాగ్ అనే మాటే పెద్దగా వాడరు. వాళ్లకు అది షుల్. జర్మన్‌లో బడికి ఉన్న పేరే అది. వెనిస్‌లోని యూదుల పేటలో ఉన్న ఐదు పాత మందిరాలనూ స్కోలా అనే పిలుస్తారు, అదీ బడే. థియోడోటస్ రాయి గుర్తున్నవాళ్లకు ఇందులో ఆశ్చర్యం లేదు. స్పెయిన్, పోర్చుగల్ నుంచి తరిమేస్తే ఆమ్‌స్టర్‌డామ్ చేరినవాళ్లు సునగోగేను తమ నోట నలిపి స్నోగా చేసుకున్నారు. 1675లో వాళ్లు కట్టిన పెద్ద మందిరం ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది, కరెంటు లేకుండా కొవ్వొత్తుల వెలుగులో.

మన దేశానికి వచ్చాక ఈ మందిరం ఊరివాళ్ల మాటల్లో కలిసిపోయింది. కొచ్చిలో అది జూతపల్లి. తెలుగు చెవికి ఏదో ఊరి పేరులా ఉంటుంది గానీ, మలయాళంలో పల్లి అంటే చర్చి, మసీదు, సినగాగ్, ఏదైనా కావచ్చు. పల్లిక్కూడం అంటే బడి. అంటే ఆరాధనా బడీ ఒకే మాటలో కలవడం అక్కడా జరిగింది. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు తమ మందిరాన్ని మసీదు అనేవారు. 1796లో సామ్యూల్ దివేకర్ ముంబయిలో కట్టించిన షార్ హరహమీమ్ వాళ్లకు జూనీ మసీదు, పాత మసీదు. లోకల్ రైలెక్కినవాళ్లు రోజూ దాటిపోయే మస్జిద్ స్టేషన్‌కు పేరు దీనివల్లే వచ్చిందని ముంబయి యూదులు చెప్పుకుంటారు. పుణెలో 1867లో పూర్తయిన ఎర్ర ఇటుకల సినగాగ్‌ను ఊరు ఊరంతా లాల్ దేవళం అంటుంది. ఒకచోట పల్లి, ఒకచోట మసీదు, ఒకచోట దేవళం. ఎవరూ కొట్టుకోలేదు.

తెలుగు నేల మీద కూడా ఒకటుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలు తాము ఎఫ్రాయిం గోత్రపు యూదులమని, బెనె ఎఫ్రాయిం అని చెప్పుకుంటాయి. మాదిగ కులంలో పుట్టి, అంతకుముందు క్రైస్తవులుగా ఉన్నవాళ్లు. 1990ల మొదట్లో ఒక చిన్న సినగాగ్ ఏర్పాటు చేసుకుని, శనివారం విశ్రాంతి దినం పాటిస్తూ, హీబ్రూ నేర్చుకుంటూ వస్తున్నారు. వాళ్ల గోత్రం మాట నిజమా కాదా అన్న వాదన వేరు. కానీ సమాజమందిరం అనే మాటను పుస్తకంలోంచి తీసుకొచ్చి ఒక ఊళ్లో ఒక గదికి నిజంగా పెట్టుకోగల తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లే.

ఆ గది ఎంత పెద్దదన్నది యూదుల ధర్మంలో లెక్కలోకి రాదు. లెక్కలోకి వచ్చేది పదిమంది. ముఖ్యమైన ప్రార్థనలు చెప్పాలన్నా, తోరా, అంటే ధర్మశాస్త్రపు చుట్ట తీసి సభలో చదవాలన్నా పదిమంది పెద్దవాళ్లు ఉండాలి. సనాతనుల్లో మగవాళ్లనే లెక్కపెడతారు, తక్కిన శాఖల్లో చాలాచోట్ల ఆడవాళ్లనూ కలుపుతారు. దీన్ని మిన్యాన్ అంటారు. పది ఎక్కడి నుంచి వచ్చిందంటే, రబ్బీలనే యూదుల గురువుల చర్చలన్నీ పోగుచేసిన గ్రంథం తల్మూద్ ఒక చిత్రమైన చోటు చూపిస్తుంది. కనాను దేశాన్ని చూసి రమ్మని మోషే పంపిన వేగులవాళ్లు పన్నెండు మంది. అందులో యెహోషువ, కాలేబు తప్ప తక్కిన పదిమందీ జనాన్ని భయపెట్టారు. ఈ చెడ్డ సమాజాన్ని ఎంతకాలం సహించాలి అని దేవుడు విసుక్కుంటాడు. అక్కడి హీబ్రూ మాట ఎదా, గ్రీకులో సునగోగే. కాబట్టి సమాజం అంటే పదిమంది. ఒక్క మంచివాడు కూడా లేని గుంపు నుంచి ప్రార్థనకు కోరం తీసుకోవడంలో రబ్బీల చమత్కారమో, మనుషుల మీద జాలో, ఏదో ఒకటి ఉంది.

ఈ పది ఎంత బరువైనదో కొచ్చిలో తెలుస్తుంది. మట్టాంచేరిలోని పరదేశి సినగాగ్ 1568 నాటిది. చైనా నుంచి తెప్పించిన నీలిరంగు పలకలు, గాజు దీపాలు, అన్నీ భద్రం. టూరిస్టులు చెప్పులు విప్పి లోపలికి వెళ్తారు. పదిమంది ఊరి యూదులు మాత్రం లేరు. కాబట్టి బయటి నుంచి యూదులు వస్తే తప్ప పూర్తి ప్రార్థన సాగదు. కొంత దూరంలో 1544 నాటి కడవుంభాగం సినగాగ్ ఉంది. అక్కడివాళ్లు ఇజ్రాయెల్ వెళ్లిపోయాక అది గోడౌన్ అయింది. లోపలి చెక్కడపు పనంతా విప్పి తీసుకెళ్లి యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో మళ్లీ అమర్చారు, 1995 నుంచి అక్కడ చూడొచ్చు. 2019 వానల్లో మట్టాంచేరిలో మిగిలిన ఆ కడవుంభాగం కట్టడపు ముందు గోడ కూలిపోయింది. గోడలు ఒక దేశంలో, పైకప్పు కింది చెక్కలు ఇంకో దేశపు మ్యూజియంలో.

కొచ్చి యూదులు 1954లో వెళ్లి కుదురుకున్న ఊళ్లలో నెగెవ్ ఎడారిలోని నెవాతిమ్ ఒకటి. అక్కడా ఒక బేత్ క్నెస్సెత్ ఉంది, శనివారాలు మనుషులొస్తారు. ప్రార్థన మొదలుపెట్టే ముందు పదిమంది అయ్యారో లేదో చూసుకోవాలి. మనుషుల్ని ఒకటి రెండు మూడు అని వేలుపెట్టి లెక్కించడం యూదుల ఆచారంలో పనికిరాదు, అది సరుకుల్ని లెక్కపెట్టినట్టు. అందుకని సరిగ్గా పది మాటలున్న కీర్తన వాక్యం ఒకటి తీసుకుని, ఒక్కో మనిషికి ఒక్కో మాట చొప్పున చెప్పుకుంటూ పోతారు. ఇరవై ఎనిమిదో కీర్తన చివరి వచనం అది, నీ జనులను రక్షించు అని మొదలవుతుంది. ఏడో మనిషి దగ్గర పడే మాటకు అర్థం, వాళ్లకు కాపరివై మేపు అని.